తమిళనాడులో ఓసీ, కేంద్రంలో ఓబీసీ: మా అమ్మాయి ఇంజనీరింగ్ సీటు అనుభవం

మా అమ్మాయి చెన్నైలో ప్లస్ టూ పూర్తిచేసి ఇంజనీరింగ్ సీటు కోసం దరఖాస్తులు పెట్టినప్పుడు మార్కులు మారలేదు, తల్లిదండ్రులు మారలేదు, కులమూ మారలేదు. అయినా దరఖాస్తు ఎక్కడ పెట్టామన్నదాన్నిబట్టి ఆమె ఒకచోట ఓసీ, ఒకచోట ఓబీసీ, మరొకచోట స్థానికేతరురాలు అయింది. పొరుగు రాష్ట్రంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఈ దారిలోనే నడవవలసి ఉంటుంది కాబట్టి, మాకు ఏం జరిగిందో, అందులో ఏది న్యాయమనిపించిందో, ఏది అనిపించలేదో రాస్తున్నాను.

మాది వెంకటగిరి. మావారి తాతలు, తండ్రి మగ్గం నేసినవారే, పద్మశాలీలం. మావారు మాత్రం డిప్లొమా చదివి అంబత్తూరు పారిశ్రామికవాడలో ఉద్యోగానికి వచ్చారు. పిల్లలిద్దరూ చెన్నైలోనే పుట్టి, ఇక్కడి బడుల్లోనే చదువుకున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో మా కులం బీసీ-బి. కేంద్ర ప్రభుత్వ ఓబీసీ జాబితాలోనూ ఉంది. తమిళనాడు బీసీ జాబితాలో కూడా పద్మశాలియర్ అనే పేరు స్పష్టంగా ఉంది. మూడు జాబితాల్లోనూ ఉన్న కులానికి చిక్కు వస్తుందని మాకెవరికీ తోచలేదు.

తమిళనాడు ఇంజనీరింగ్ కౌన్సెలింగ్‌కు ప్రవేశపరీక్ష లేదు. కోచింగ్ కొనుక్కోలేని పల్లెపిల్లలకు పరీక్ష అడ్డుగోడ అవుతోందని 2006 చట్టంతో దాన్ని ఎత్తివేశారు. ప్లస్ టూలో గణితానికి 100, భౌతిక, రసాయన శాస్త్రాలకు చెరి 50 చొప్పున మొత్తం 200కు లెక్కగట్టి ర్యాంకు ఇస్తారు. ఎనిమిది నుంచి పన్నెండో తరగతి వరకు ఇక్కడే చదివినవారు నేటివిటీ సర్టిఫికెట్ చూపనవసరం లేకుండానే అర్హులు. అంతవరకు మా అమ్మాయి అందరితో సమానమే. కమ్యూనిటీ సర్టిఫికెట్ (కులధ్రువీకరణ పత్రం) దగ్గరికి వచ్చేసరికి మాత్రం అది తమిళనాడు అధికారులు ఇచ్చినదై ఉండాలి, వారు దాన్ని ఈ రాష్ట్రపు మూలవాసులకే ఇస్తారు. ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవారి పిల్లలు ఇక్కడే పుట్టి పెరిగినా ఓపెన్ కాంపిటీషన్ కిందే వస్తారు. సహాయకేంద్రంలో కూర్చున్న యువకుడు ఈ సంగతి నాకు ఎంతో ఓపికగా, రెండుసార్లు చెప్పాడు. "నియమం అదేనమ్మా, మీ పాపకు అర్హత లేదని కాదు, వర్గం మాత్రం ఓసీ" అన్నాడు.

దాని అర్థం ఏమిటో అంకెల్లో చూస్తే తెలుస్తుంది. తమిళనాడులో రిజర్వేషన్లు 69 శాతం: బీసీలకు 30, అత్యంత వెనుకబడిన వర్గాలకు 20, ఎస్సీలకు 18, ఎస్టీలకు 1. సుప్రీంకోర్టు 1992లో యాభై శాతం హద్దు గీసిన తరువాత, ఈ రాష్ట్రం 1993లో ప్రత్యేక చట్టం చేసుకుంది. 1994లో 76వ రాజ్యాంగ సవరణ దాన్ని, కోర్టు సవాళ్ళ నుంచి చట్టాలకు రక్షణనిచ్చే తొమ్మిదో షెడ్యూలులో చేర్చింది. మిగిలిన 31 శాతం ఎవరికీ కేటాయించినది కాదు. అన్ని వర్గాల నుంచీ మొదటి ర్యాంకులు తెచ్చుకున్నవారు ముందు అందులోనే సర్దుకుంటారు. మా అమ్మాయికి తెరిచి ఉన్న తలుపు అదొక్కటే. గిండీ ఇంజనీరింగ్ కళాశాలలో పేరున్న బ్రాంచి కావాలంటే ఆ తలుపు దగ్గర ఒక్క మార్కు తేడాకు వందల ర్యాంకులు వెనక్కి పోతాయి.

నాకు అసలు కష్టం కలిగించింది ఈ అంకెలు కావు, మా ఎదురింటివారు. వారూ పద్మశాలీలే, ఇంట్లో తెలుగే మాట్లాడతారు. వారి పెద్దలు చింతాద్రిపేటకు చెందినవారు. 1734లో ఇంగ్లీషువారు నేతగాళ్ళ కోసమే కట్టించిన పేట అది. వాళ్ళమ్మాయికి తమిళనాడు బీసీ సర్టిఫికెట్ ఉంది, ఉండవలసిందే. ఆమె మా అమ్మాయితో కలిసి ఒకే బడిలో చదివింది, ఆ ఇంటి ఆదాయం మా ఇంటి ఆదాయం కంటే ఎక్కువే తప్ప తక్కువ కాదు. తమిళనాడు తన బీసీ కోటాలో క్రీమీలేయర్ (వెనుకబడిన వర్గాల్లోనే కలిగినవారిని పక్కనపెట్టే) లెక్క చూడదు కనుక ఆదాయంతో పని కూడా లేదు. వారికీ మాకూ ఉన్న తేడా ఒక్కటే: వారు ఎప్పుడో వచ్చారు, మేము ఈమధ్య వచ్చాము. 1953 అక్టోబరు 1కి ముందు వెంకటగిరి, చెన్నపట్నం ఒకే మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. మా మామగారి తండ్రి ఆ రోజుల్లో మగ్గం కట్టిపెట్టి చింతాద్రిపేటలో దిగి ఉంటే ఇవాళ మా అమ్మాయీ ఇక్కడ బీసీయే అయి ఉండేది.

ఈ నియమం ఎక్కడి నుంచి వచ్చిందో తెలుసుకోవాలని చదువుతూ పోతే దాని మూలంలో కూడా ఒక తెలుగు విద్యార్థే కనిపించాడు. ఆంధ్రప్రదేశ్‌లో గిరిజనుడిగా గుర్తింపు ఉన్న మర్రి చంద్రశేఖరరావు, తండ్రి ఉద్యోగరీత్యా ముంబయిలో పెరిగి, అక్కడి వైద్యకళాశాలలో ఎస్టీ సీటు అడిగితే మహారాష్ట్ర నిరాకరించింది. 1990లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఆ నిరాకరణనే సమర్థించింది. ఒక కులమో తెగో వెనుకబడినదని గుర్తించడం ఆ రాష్ట్రానికి సంబంధించిన గుర్తింపు మాత్రమేననీ, వెనుకబాటు అనేది ఆ ప్రాంతపు సామాజిక పరిస్థితుల నుంచి పుట్టేదనీ, సరిహద్దు దాటితే అది వెంట రాదనీ ఆ తీర్పు సారాంశం. అది ఎస్సీ, ఎస్టీల గురించిన తీర్పే అయినా బీసీల విషయంలోనూ రాష్ట్రాలు ఇదే పద్ధతిని పాటిస్తున్నాయి.

ఆ తర్కాన్ని నేను పూర్తిగా తోసిపుచ్చలేను. పొరుగు రాష్ట్రాల నుంచి కలిగినవారు వచ్చి ఇక్కడి వెనుకబడినవారి సీట్లు తన్నుకుపోకూడదన్న భయం న్యాయమైనదే. మా వీధి చివర కార్పొరేషన్ బడిలో చదివిన ఒక తమిళ అమ్మాయి, ప్రభుత్వ పాఠశాల విద్యార్థులకు 2021 నుంచి వృత్తివిద్యా కోర్సుల్లో ఇస్తున్న 7.5 శాతం కోటాలో మంచి కళాశాలలో చేరింది. తండ్రి మార్కెట్‌లో మూటలు మోస్తాడు. ఆమెకు ఆ సీటు దక్కడం నాకు నిజంగా సంతోషం కలిగించింది. అన్ని నియమాల్లోనూ పిల్లవాడు ఏ బడిలో కూర్చుని చదివాడని అడిగే నియమం అదేనని కూడా అనిపించింది. నాకున్న అభ్యంతరం వేరు. వెనుకబాటు నేలను అంటిపెట్టుకుని ఉంటుందని అంటున్నప్పుడు, ఏ నేలమీద పిల్ల పెరిగిందో చూడాలి గదా. తాత ఏ నేలమీద పుట్టాడో చూసి పిల్ల వర్గాన్ని నిర్ణయించడం ఆ తర్కానికే ఎదురు నిలుస్తుంది. ఇక్కడే పన్నెండేళ్ళు చదివిన పిల్లను చదువు విషయంలో సొంతమనిషిగానూ, కులం విషయంలో పరాయిమనిషిగానూ చూడడం ఎలా పొసగుతుందో నాకు ఇప్పటికీ బోధపడలేదు.

ఆంధ్ర వైపు కథ చిన్నది. అక్కడ 1974 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం 85 శాతం సీట్లు స్థానికులవి, స్థానికత అంటే ప్రధానంగా చదువుకున్న చోటు. తల్లిదండ్రులు పదేళ్ళు ఆ రాష్ట్రంలో నివసించి ఉన్నారన్న ఆసరాతో మా అమ్మాయి మిగిలిన 15 శాతంలో పోటీపడవచ్చు. అంటే మా సొంత రాష్ట్రం చదువు చూసి పరాయిది అంది, పెంచిన రాష్ట్రం కులం చూసి పరాయిది అంది. అక్కడి ప్రవేశపరీక్ష రాయించే ఆలోచన మేము మానుకున్నాము.

ఇక మిగిలింది కేంద్రం. ఐఐటీల్లోనూ ఎన్ఐటీల్లోనూ ఓబీసీలకు 27 శాతం సీట్లున్నాయి, క్రీమీలేయర్‌కు చెందనివారికి మాత్రమే. దీనికి కావలసిన ధ్రువపత్రం ఆ ఏడాది ఏప్రిల్ 1 తరువాత ఇచ్చినదై ఉండాలి. కేంద్రం నిర్దేశించిన నమూనాలోనే ఉండాలి. రాష్ట్రాల బీసీ పత్రం చెల్లదు. జేఈఈకి దరఖాస్తు పెట్టే నాటికి కొత్త పత్రం చేతిలో లేనివారు హామీపత్రం జతపరచి ముందుకు సాగవచ్చు, మేమూ అలాగే చేశాము. అసలు పత్రం ఎవరివ్వాలి అన్నదగ్గర తిరుగుడు మొదలైంది.

చెన్నైలోని ఒక తాలూకా కార్యాలయానికి వెళితే మీరు ఆంధ్రవారు, అక్కడే తెచ్చుకోండి అన్నారు. మా బంధువులను అడిగితే అక్కడ నివాసం లేనివారికి ఎలా ఇస్తారు, ఉన్నచోటే అడగండి అన్నారు. దీనికి 1994లోనే కేంద్ర ప్రభుత్వం ఒక లేఖలో సమాధానం చెప్పింది: తండ్రికి ఆయన సొంత రాష్ట్రపు అధికారి ఇచ్చిన ధ్రువపత్రం చూపిస్తే, వలస వచ్చిన రాష్ట్రపు అధికారి కూడా ఓబీసీ పత్రం ఇవ్వవచ్చు, అయితే దానితో కేంద్రంలోనూ సొంత రాష్ట్రంలోనూ మాత్రమే ప్రయోజనం పొందవచ్చు, వలస వచ్చిన రాష్ట్రంలో పొందడానికి వీల్లేదు. ఆ లేఖ నకలు పట్టుకుని మళ్ళీ వెళ్ళాము. గుమాస్తా దాన్ని చదివి, తప్పని అనలేదు, అలాగని చేతిలోకీ తీసుకోలేదు, పైఅధికారి రావాలన్నాడు. ఆ పైఅధికారి వచ్చేలోగా కౌన్సెలింగ్ గడువు దాటిపోతుందన్న భయంతో నాయుడుపేట మీదుగా వెంకటగిరి బస్సెక్కాము.

అక్కడ పని సాగింది గాని దానికీ పద్ధతి తెలియాలి. మావారి పాత కులధ్రువీకరణ పత్రంలో నెల్లూరు జిల్లా అని ఉంటుంది. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు వెంకటగిరి తిరుపతి జిల్లాలోకి వెళ్ళింది కాబట్టి కొత్త పత్రంలో జిల్లా పేరు వేరుగా వస్తుంది. ఆ తేడా ఎందుకో ముందే ఒక కాగితం మీద రాసి జతచేయడం మంచిది. మావారి టీసీ, మా మామగారి పేరున్న ఇంటిపన్ను రసీదు, అమ్మాయి పుట్టిన సర్టిఫికెట్, మూడేళ్ళ ఆదాయపు పత్రాలు తీసుకుపోయాము. మూడేళ్ళవి ఎందుకంటే, వరసగా మూడేళ్ళపాటు ఏడాదికి 8 లక్షలు, ఆపైన ఆదాయం ఉన్నవారిని క్రీమీలేయర్‌గా లెక్కిస్తారు. ఈ 8 లక్షల హద్దు 2017 నుంచి అలాగే ఉంది. వీఆర్వో మా మామగారి ఇంటికి వచ్చి, మగ్గం గుంటను చూసి, పక్కింటివారిని అడిగి వెళ్ళాడు. అదే విచారణ. చేతికి వచ్చిన పత్రంలో కేంద్ర నమూనా ఉందా, కులం పేరు కేంద్ర జాబితాలో ఉన్నట్లే అక్షరం పొల్లుపోకుండా ఉందా, క్రీమీలేయర్‌కు చెందరన్న వాక్యం ఉందా అని కార్యాలయం మెట్లు దిగకముందే చూసుకోవాలి. మాకు పేరులో ఒక అక్షరం తేడా వస్తే అక్కడికక్కడే దిద్దించుకున్నాము.

ఐఐటీలు, ఎన్ఐటీల ఉమ్మడి కౌన్సెలింగ్‌లో అమ్మాయి ఓబీసీ ర్యాంకు ఐఐటీకి చాలలేదు. ఎన్ఐటీల సంగతి వేరు. ప్రతి ఎన్ఐటీలోనూ సగం సీట్లు సొంత రాష్ట్రపు విద్యార్థులకు ఉంటాయి, ఆ సొంత రాష్ట్రం ఏదన్నది పన్నెండో తరగతి ఎక్కడ ప్యాసయ్యారన్నదాన్నిబట్టి నిర్ణయిస్తారు. దానివల్ల తిరుచ్చి ఎన్ఐటీలో మా అమ్మాయి తమిళనాడు అభ్యర్థి అయింది, వెంకటగిరి నుంచి తెచ్చిన కాగితంతో ఓబీసీ కూడా అయింది. చదువు ఒక రాష్ట్రానిది, కులం ఒక రాష్ట్రానిది, రెండూ ఒకే వరుసలో రాసుకున్న దరఖాస్తును నేను మొదటిసారి చూసింది అక్కడే. పత్రాల పరిశీలనలో ధ్రువపత్రం ఇచ్చిన రాష్ట్రం, ప్లస్ టూ చదివిన రాష్ట్రం వేరుగా ఉన్నాయేమిటని ఆన్‌లైన్‌లో ప్రశ్న వచ్చింది. 1994 లేఖనూ, మావారి పాత పత్రాన్నీ జతపరచి సమాధానం పంపాము. మరునాడు ఆమోదించారు. తొలి రౌండులో వచ్చిన బ్రాంచిని వదులుకోకుండా, మెరుగైన సీటు వస్తే మారతామనే ఫ్లోట్ ఎంపిక పెట్టి, చివరకు ప్రొడక్షన్ ఇంజనీరింగ్ దగ్గర స్థిరపడింది.

ఇదంతా చూసి మా ఎదురింటావిడ "మా పాపకు ఒక్క కాగితంతో అయిపోయింది, మీకెందుకు వదినా ఇంత తిరుగుడు" అంది. ఆమె కూతురు అన్నా విశ్వవిద్యాలయపు క్రోంపేట ప్రాంగణంలో చేరింది. పిల్లలిద్దరికీ 200కు లెక్కగట్టి వచ్చిన మార్కుల మధ్య తేడా పెద్దదేమీ కాదు. ఆ మాట ఆమె సానుభూతితోనే అన్నది, నేనూ అలాగే తీసుకున్నాను. జేఈఈ కోచింగుకు మేము కట్టిన ఫీజు సంగతి మాత్రం ఆమెతో అనలేదు. ఆ ఫీజు కట్టలేని మావంటి వలస కుటుంబం ఉంటే ఎన్ఐటీ దారి దానికి ఉండదు, రాష్ట్రపు కోటా దారీ ఉండదు. నేత మానేసి కూలికి చెన్నై వచ్చిన కుటుంబాలు అంబత్తూరు చుట్టుపక్కల తక్కువేమీ లేవు. వారి పిల్లల గురించి ఏ ప్రభుత్వపు లెక్కలోనూ ప్రత్యేకంగా ఒక గడి లేదు.

మా అబ్బాయి ఇప్పుడు తొమ్మిదో తరగతి. వాడి కోసం వాళ్ళక్క పత్రం పనికిరాదు, ఆ ఏడాది ఏప్రిల్ తరువాత కొత్తది తేవాలి. మావారి టీసీని, నెల్లూరు జిల్లా నాటి పాత కులధ్రువీకరణ పత్రాన్ని లామినేషన్ చేయించకుండా, అసలు కాగితంగానే ఫైలులో పెట్టాను. లామినేషన్ చేసినదాన్ని కొందరు అధికారులు ఒప్పుకోరని వెంకటగిరిలో వీఆర్వో చెప్పాడు.