నా బెంచ్ ప్రెస్: 55 దగ్గర నాలుగు నెలలు

60 కిలోల బార్ ఛాతీ మీద కూర్చుంది, లేవనంటోంది. బెంచ్ ప్రెస్ అంటే అంతే కదా, బెంచ్ మీద వెల్లకిలా పడుకుని బార్‌ని ఛాతీ దాకా దించి మళ్లీ పైకి తొయ్యడం. అంతకు ముందు సోమవారం కూడా ఇదే బెంచ్, ఇదే బరువు. కాకపోతే అప్పుడు వెనకాల ఫ్రెండ్ ఉన్నాడు. సగం బరువు వాడే లాగి ర్యాక్‌లో పెట్టి, "అంతా నువ్వే చేశావ్ రా, నేను ఊరికే వేళ్లు ఆనించానంతే" అన్నాడు. నమ్మేశాను. ఈ సోమవారం వాడు రాలేదు. పోయిన వారం ఎత్తేశాం కదా అన్న ధీమాతో ఒక్కడినే పడుకున్నాను. పైగా ప్లేట్లు జారకుండా రెండు వైపులా క్లిప్పులు బిగించాను, అదేదో పెద్ద జాగ్రత్త అనుకుని.

వెనక ఎవరూ లేనప్పుడు క్లిప్పులు పెట్టకూడదని అప్పటికి నాకు తెలీదు. అవి లేకపోతే బార్‌ని ఒక పక్కకు వంచి ప్లేట్లు కింద పడేసి బయటపడొచ్చు. ఉన్నాయి కాబట్టి మిగిలింది ఒకటే దారి: బార్‌ని ఛాతీ మీంచి పొట్ట మీదుగా తొడల దాకా దొర్లించుకుని లేచి కూర్చోవడం. పొట్ట దాటేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. లేచి చూసుకుంటే బార్ మీది గరుకు గీతలు ఛాతీ మీద ఎర్రగా అచ్చు పడి ఉన్నాయి. పక్కన డంబెల్స్ చేస్తున్నవాళ్లు చూడనట్టు నటించారు. అది ఇంకా ఘోరం.

ఒకాయన మాత్రం నటించలేదు. నాకంటే పదిహేనేళ్లు పెద్ద, ఒకప్పుడు పవర్‌లిఫ్టింగ్ పోటీలకు వెళ్లేవాడట. నేరుగా వచ్చి బార్ ఎత్తి ర్యాక్‌లో పెట్టాడు.

"నీ మాక్స్ ఎంత తమ్ముడూ?" అన్నాడు, అంటే ఒక్కసారికి ఎత్తగలిగే అత్యధిక బరువు.

"60 అన్నా."

"ఇప్పుడు నీ మీద పడింది 60 కదా? నువ్వు ఒక్కడివే ఎత్తింది చెప్పు."

"55."

"ఎన్ని రెప్స్?" అంటే ఆగకుండా ఎన్నిసార్లు ఎత్తావని.

"ఒకటి."

"ఎన్నాళ్ల నుంచి?"

మనసులో లెక్క వేసుకున్నాను. నాలుగు నెలలు.

"నాలుగు నెలలుగా ప్రతి సోమవారం పరీక్ష రాస్తున్నావన్నమాట. మరి చదివేదెప్పుడు?"

అప్పుడు నాకు 18 ఏళ్లు, ఒంటి బరువు 57 కిలోలు. మొదటి రోజు 20 కిలోల ఖాళీ బార్ పట్టుకుంటేనే చేతులు వణికాయి. అయినా మూడు నెలలు తిరక్కుండానే 50కి వచ్చేశాను. కొత్తలో అందరికీ అంతే. కండ పెరగకముందే, ఉన్న కండని వాడుకోవడం నరాలు నేర్చుకుంటాయి. ఆ ఊపు చూసి ఇదే లెక్కన సంవత్సరానికి 150 అని కాగితం మీద గీసుకున్నాను కూడా. 2021లో అమెరికన్ పవర్‌లిఫ్టర్ జూలియస్ మాడాక్స్ బెంచ్ మీద ఎత్తిన 355 కిలోల వీడియో చూసి, 150 ఏమంత పెద్ద సంఖ్య కాదులే అనిపించిన రోజులవి.

అన్న చెప్పిన మొదటి పని, ఫోన్ పక్కన పెట్టి 45 కిలోలతో ఒక సెట్, అంటే ఆగకుండా వరసగా కొన్ని రెప్స్, వీడియో తీసుకోమని. తీసి చూసుకుంటే సిగ్గేసింది. బార్ దిగడం కాదు, పడుతోంది. అదీ ఛాతీ పైభాగాన, దాదాపు మెడ ఎముకల దగ్గర. అక్కడ ఎగిరి మళ్లీ లేస్తోంది. మోచేతులు రెండూ భుజాలకు సూటిగా పక్కకు తెరుచుకుని ఉన్నాయి. మణికట్లు వెనక్కి విరిగినట్టు వంగి ఉన్నాయి. బరువు కష్టమైనప్పుడల్లా పిరుదులు బెంచ్ మీంచి గాల్లోకి లేస్తున్నాయి. కాళ్లయితే నేల మీద స్టెప్పులేస్తున్నాయి.

"పోటీలో అయితే ఇందులో ఒక్క రెప్ కూడా లెక్కలోకి రాదు" అన్నాడు అన్న. పోటీలో బార్ ఛాతీ మీదకు వచ్చి కదలకుండా ఆగాలి. రిఫరీ "ప్రెస్" అన్నాకే తొయ్యాలి. తల, భుజాలు, పిరుదులు బెంచ్‌కి ఆనుకునే ఉండాలి, పాదాలు నేల మీద ఉండాలి. నాకు పోటీలకు వెళ్లే ఉద్దేశం లేదు. కానీ ఏది రెప్పు, ఏది కాదు అనడానికి ఒక గీత దొరికింది. నాలుగు నెలలుగా నాకు లేనిది ఆ గీతే.

పడుకోవడమే మళ్లీ నేర్చుకున్నాను. కళ్లు సరిగ్గా బార్ కిందకు వచ్చేలా పడుకోవాలి. వీపు మీది రెక్క ఎముకలు రెండింటినీ దగ్గరకు లాగి, కిందికి, అంటే నడుము వైపు దించి, ఆ బిగింపుతో బెంచ్‌కి అదిమి పెట్టాలి. "మధ్యలో పెన్సిల్ పెడితే జారిపోకూడదు" అనేవాడు. అలా చేస్తే ఛాతీ దానంతటదే పైకి లేస్తుంది, నడుము కింద కొంచెం ఖాళీ వస్తుంది, బార్ ప్రయాణించే దూరమూ కాస్త తగ్గుతుంది. పాదాలు నేలకి గట్టిగా ఆనాలి. తోసేటప్పుడు, కాళ్లతో ఒంటిని తల వైపు నెట్టుతున్నట్టు ఉండాలి గానీ పైకి కాదు. పైకి నెడితేనే పిరుదులు లేస్తాయి.

గ్రిప్ దగ్గర నాకు ఆశ్చర్యం వేసింది. బార్ మీద రెండు పక్కలా సన్నటి గీతలు ఉంటాయి కదా, వాటి మధ్య 81 సెంటీమీటర్లు. పోటీల్లో చూపుడు వేళ్లు ఆ గీతలు దాటకూడదు. నేను సరిగ్గా ఆ గీతల మీదే చూపుడు వేళ్లు పెట్టేవాణ్ణి. నా చిన్న భుజాలకి అంత వెడల్పు ఎందుకో నాకే తెలీదు, ఎవరో బలంగా ఉన్నాయన అలా పట్టుకుంటే చూశానంతే. చిటికెన వేలు గీత మీదకు వచ్చేలా లోపలికి జరిపాడు అన్న. అలా పట్టుకుంటే బార్ ఛాతీని తాకినప్పుడు ముంజేతులు నిటారుగా నిలబడుతున్నాయి. బార్ వేళ్ల దగ్గర కాకుండా అరచేతి అడుగున, ముంజేయి ఎముకకు సరిగ్గా పైన కూర్చోవాలి. బొటనవేలు బార్ చుట్టూ ఉండి తీరాలి. బొటనవేలు చుట్టకుండా పట్టుకునేవాళ్లు ఇప్పటికీ కనిపిస్తారు. చూస్తే నాకే గుండె జారుతుంది, చెయ్యి జారితే బార్ నేరుగా ముఖం మీదకో గొంతు మీదకో వస్తుంది.

ఇంకొకటి. బార్ నిలువుగా దిగి నిలువుగా లేస్తుందని అనుకునేవాణ్ణి. కాదు. మోచేతులు కొంచెం లోపలికి ఉంచుకుని ఛాతీ కింది భాగాన దించాలి. లేచేటప్పుడు పైకీ, కొంచెం వెనక్కీ, మళ్లీ భుజాల పైకి రావాలి. పక్క నుంచి వీడియో తీస్తే బార్ దారి చిన్న వంపులా కనిపిస్తుంది. ఈ ఒక్కటి కుదరడానికి నాకు మూడు వారాలు పట్టింది.

బరువు 40కి దించేశాను. చెప్పడానికి తేలికగానే ఉంది గానీ, చెస్ట్ డే రోజు పక్క బెంచ్‌లో నా వయసువాడే 70 చేస్తుంటే 40 పెట్టుకుని పడుకోవడం చాలా కష్టం. మొదటి రెండు వారాలు జనం తక్కువగా ఉండే టైమ్ చూసుకుని వెళ్లాను. సోమ, గురువారాలు రెండు రోజులు బెంచ్. మూడు సెట్లు, సెట్‌కి 5 రెప్స్. సెట్ల మధ్య మూడు నిమిషాలు విశ్రాంతి. అంతకు ముందు నేను నలభై సెకన్లు కూడా ఆగేవాణ్ణి కాదు, చెమట పడితేనే వర్కవుట్ అనుకునే రకం. మూడు సెట్లూ శుభ్రంగా వస్తే వారానికి 2.5 కిలోలు పెంచడం, అంతే. పుస్తకంలో రాయడం తప్పనిసరి. స్పాటర్, అంటే వెనక నిలబడి సాయం పట్టేవాడు, చెయ్యి తగిలించిన రెప్ రాయకూడదని అన్న ఆర్డర్. మొదటి పేజీ చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది: "40 - 5, 5, 5. చాలా ఈజీ. టైమ్ వేస్ట్."

ఏడో వారంలో 55 కిలోలు 5, 5, 5 వచ్చింది. నాలుగు నెలలు ఒక్కటంటే ఒక్కటి చచ్చీ చెడీ ఎత్తిన బరువు అది. గరిష్ఠ బరువు అంచనా వేయడానికి ఎప్లీ ఫార్ములా అని ఒకటుంది: బరువును రెప్స్‌తో గుణించి 30తో భాగించి, వచ్చినదాన్ని మళ్లీ బరువుకు కలపాలి. 55కి 5 రెప్స్ అంటే దాదాపు 64. కాగితం మీద నేను 60 దాటేశాను, దాని కింద ఒక్కసారి కూడా పడుకోకుండానే. "ఒక్కసారి ట్రై చేయనా అన్నా?" అని అడిగితే, ఆయన మాట్లాడకుండా తన సెట్‌కి వెళ్లిపోయాడు.

57.5 దగ్గర మళ్లీ ఆగాను. 5, 4, 3. తర్వాతి వారమూ 5, 4, 3. ఈసారి తప్పు బెంచ్ మీద లేదు. రాత్రి రెండింటి దాకా ఫోన్, పొద్దున్నే లేవడం. తిండి మీద లెక్కే లేదు. ఆరు నెలల్లో నా బరువు ఒక్క కిలో పెరిగింది. పెరిగే వయసులో, ఇంత పని చెప్తూ, ఒంటికి ఏమీ ఇవ్వకపోతే అది మాత్రం ఎక్కడి నుంచి తెస్తుంది? రోజుకి ఒంటి బరువులో కిలోకి 1.6 గ్రాముల లెక్కన ప్రొటీన్ పెట్టుకున్నాను, అంటే నాకు 93 గ్రాముల దాకా. పూటకి కొంచెం ఎక్కువ తినడం మొదలుపెట్టాను. నిద్ర ఎనిమిది గంటలకు తెచ్చాను. లాకర్ల దగ్గర ఒకడు చెవిలో "ఇంజెక్షన్" అని ఏదో గొణిగాడు, ఆ మాట అక్కడితో వదిలేశాను.

మధ్యలో ఒక వారం 62.5 గాలిలో తేలినట్టు వచ్చేసింది. ఇంటికి గంతులేస్తూ వెళ్లాను. గురువారం అదే బరువు మూడో రెప్‌కే చతికిలబడింది. ఏంటా అని చూస్తే, సోమవారం వాడింది వేరే బార్. అనుమానం వచ్చి దాన్ని పట్టుకుని వెయింగ్ మెషీన్ ఎక్కి, నా బరువు తీసేసి చూశాను. 15 కిలోలు! పుస్తకంలో 62.5 కొట్టేసి 57.5 అని రాస్తున్నప్పుడు నిజంగా ఏడుపొచ్చింది. అప్పటి నుంచి ఎక్కడికి వెళ్లినా ముందు బార్ తూచుకుంటాను. పిచ్చి అనుకున్నా పర్లేదు.

60 దాటాక వారానికి 2.5 కూడా ఎక్కువైపోయింది. అక్కడ అతి చిన్న ప్లేట్ 1.25 కిలోలు. రెండు వైపులా పెడితే 2.5, అంతకంటే చిన్న అడుగు లేదు. చీలమండలకు కట్టుకునే అరకిలో బరువులు రెండు తెచ్చి బార్‌కి చెరో పక్క చుట్టాను. చూడ్డానికి బార్‌కి కట్టు కట్టినట్టుండేది. ఆ కట్టుతోనే వారానికి కిలో, కిలోన్నర చొప్పున 65 దాకా వెళ్లాను. సోమవారం బరువు రోజు, గురువారం తేలిక రోజు. గురువారం బరువు తగ్గించి, ప్రతి రెప్‌లో బార్‌ని ఛాతీ మీద రెండు సెకన్లు ఆపేవాణ్ణి. నేను ఎప్పుడూ ఇరుక్కునేది ఛాతీకి నాలుగు వేళ్ల ఎత్తులో. అక్కడిదాకా ఎగరేసుకుంటూ రావడం అలవాటైపోయి, అడుగు నుంచి తోసే బలమే రాలేదు. ఆపి తోయడం మొదలుపెట్టాక మొదటి నెల నరకం, రెండో నెలలో ఆ నాలుగు వేళ్ల గండం సగం తగ్గింది. దానికి తోడు గ్రిప్ ఇంకొంచెం దగ్గరగా పట్టి ట్రైసెప్స్ (పై చేతి వెనక కండ) కోసం రెండు సెట్లు. ఎన్ని సెట్లు తోస్తే అన్ని సెట్లు రోయింగ్ (బరువును ఒంటి వైపు లాగడం) కూడా, ఎందుకంటే బెంచ్‌కి ఆనేది వీపే కదా.

ఎనిమిదో నెలలో కుడి భుజం ముందు వైపు సూది గుచ్చినట్టు నొప్పి వచ్చింది. మొండిగా మూడు సెషన్లు చేశాను, ఎక్కువైంది. ఫిజియోథెరపిస్ట్‌కి చూపించుకుని, రెండు వారాలు బెంచ్ మానేసి, తర్వాత తేలికపాటి డంబెల్స్‌తో మొదలుపెట్టి వెనక్కి వచ్చాను. బలం పోతుందని పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. తిరిగి వచ్చిన పది రోజుల్లో పాత బరువు వచ్చేసింది. ఆ మూడు సెషన్లు దేనికి చేశానో.

పదకొండో నెలలో 70 కిలోలకి 4 రెప్స్. ఎప్లీ లెక్కన 79 చిల్లర. నా ఒంటి బరువు 65. ఈసారి అన్నే అడిగాడు, "80 చూద్దామా?" అని.

ముందు ఒళ్లు వేడెక్కడానికి ఖాళీ బార్, 40, 55, 65, 72.5 ఒక్కొక్కటి. అయిదు నిమిషాలు కూర్చున్నాను. బార్‌కి వైపుకి 20 కిలోల ప్లేట్ ఒకటి, 10 కిలోలది ఒకటి. ర్యాక్‌లోంచి తీసేటప్పుడు భుజాల బిగింపు సడలకుండా అన్న బార్ అందించి చేతులు వెనక్కి తీసుకున్నాడు. గాలి పీల్చి పట్టాను. దించాను. ఛాతీకి తగిలింది, ఆగింది. ఆయన "ప్రెస్" అన్నాడు. నాలుగు వేళ్ల ఎత్తులో మళ్లీ అదే చోట బార్ నెమ్మదించింది. కుడి చెయ్యి ముందు, ఎడమ చెయ్యి వెనక. కాళ్లు నేలని తొక్కుతున్నట్టు గుర్తుంది, చెవుల్లో హోరు గుర్తుంది. బార్ ర్యాక్‌కి తగిలిన చప్పుడు వచ్చాకే కళ్లు తెరిచాను. ఎప్పుడు మూసుకున్నానో తెలీదు.

"నీ చెయ్యి తగిలిందా అన్నా?"

రెండు చేతులూ పైకెత్తి చూపించాడు.

పుస్తకంలో "80 - 1" అని రాసుకున్నాను. గురువారం మళ్లీ 60 పెట్టుకుని, రెండు సెకన్లు ఆపుతూ మూడు సెట్లు చేశాను. మూడో సెట్‌లో నాలుగో రెప్ బాగా బరువనిపించింది.