క్వామాషు టాక్సీలో ముందు సీటు

దక్షిణాఫ్రికాలోని డర్బన్‌లో పది రోజులున్నాను. సముద్రం చూశాను, మీటింగులకు వెళ్ళాను, షాపింగ్ చేశాను. వాటి గురించి రాయబుద్ధి కావట్లేదు. రాయాలనిపించేది ఒక్క టాక్సీ ప్రయాణం గురించే, అదీ నలభై నిమిషాలది.

నేనున్నప్పుడు అక్కడ అన్నిటికీ ధరలు మండిపోతున్నాయి. బ్రెడ్డు లోపల తొలిచి మటన్ కూర పోసిస్తారే, ఆ బనీ చౌ క్వార్టర్ ముక్కకి 110 ర్యాండ్లు. మన డబ్బుల్లో ఐదొందలు దాటింది. ఎక్కడికి కదిలినా ఫోన్‌లో కారు బుక్ చేసుకోవడమే, దానికి ఇంకో బాదుడు. రోజూ సాయంత్రం హోటల్ కిటికీ కింద నుంచి తెల్ల టొయోటా వ్యాన్లు పోయేవి. అక్కడ టాక్సీ అంటే ఇవే, మన షేర్ ఆటోల్లాగా. వాటిలోంచి వచ్చే మోతకి అద్దాలు అదిరేవి. అది వింటే మా జమ్మికుంట గుర్తొచ్చేది. అదేం పాటని ఆఫీసులో అడిగితే గోమ్ అన్నారు, డర్బన్ కుర్రాళ్ళ డాన్స్ మ్యూజిక్.

గోమ్ అని రాస్తున్నాను గానీ అది సరికాదు. చిన్నప్పుడు గుర్రం నడిచినట్టు నాలుకని అంగిలికి తాటించి టక్ టక్ అనేవాళ్ళం కదా, అక్కడి జులూ భాష వాళ్ళు ఆ టక్‌తోనే మాట మొదలుపెట్టి వెంటనే ఓమ్ అంటారు. డోలు మీద పడ్డ దెబ్బే ఆ మాట.

ఆఫీసులో పేరు చివర నాయుడు ఉన్న పెద్దాయన ఒకాయన ఉన్నాడు. ఆయన ముత్తాత మద్రాసులో ఓడెక్కి చెరకు తోటల కూలికి వచ్చిన తెలుగువాడు. ఆయనకి తెలుగు రాదు. టాక్సీలు ఎక్కొద్దని రెండుసార్లు చెప్పాడు. వినకుండా శనివారం వార్విక్ జంక్షన్‌కి పోయాను. మన ఎంజీబీఎస్‌నీ మోండా మార్కెట్‌నీ ఒక్కచోట కలిపితే ఎలా ఉంటుందో అలా ఉంటుంది. రోజుకి 4 లక్షలకు పైగా జనం అక్కడ తిరుగుతారట. పక్కనే 1910లో మొదలైన కూరగాయల మార్కెట్ ఉంది. దాన్ని నిలబెట్టింది మన దేశం నుంచి పోయిన రైతులే.

డర్బన్ శివారులోని క్వామాషుకి పోయే వ్యాన్ నిండితేనే కదులుతుంది. ఖాళీ ఉంది కదా అని ముందు సీట్లో, డ్రైవర్ పక్కన కూర్చున్నాను. కాసేపటికి వెనక నుంచి భుజం మీద తట్టి నోట్లు, చిల్లర నా చేతిలో పెట్టడం మొదలుపెట్టారు. కండక్టర్ లేడు. ముందు కూర్చున్నవాడే డబ్బు లెక్కపెట్టి, మిగిలిన చిల్లర వెనక్కి పంపాలి. నాకెవరూ చెప్పలేదు. ఎవరిది ఎంతో తెలియదు, భాష రాదు, ఒకటే టెన్షన్. అప్పుడు నా పక్కన కిటికీ వైపున్న కుర్రాడు, ఇరవై రెండేళ్ళుంటాయేమో, "ఇలా ఇవ్వండి బాబా" అని సగం డబ్బు తన చేతిలోకి తీసుకున్నాడు. జులూలో బాబా అంటే తండ్రి. ఇద్దరం కలిసి లెక్క తేల్చాం.

ఆ కుర్రాడు హార్బర్ దగ్గర గోడౌన్‌లో నైట్ డ్యూటీ చేస్తాడు. పగలు నిద్ర మానుకుని, దోస్తు ఇంట్లో పాత కంప్యూటర్ మీద ఎఫ్ఎల్ స్టూడియో అనే మ్యూజిక్ సాఫ్ట్‌వేర్‌లో బీట్లు కడతాడు. జేబులోంచి పెన్‌డ్రైవ్ తీసి డ్రైవర్‌కిచ్చాడు. డ్రైవర్ మొహంలో ఏమీ లేదు, పెట్టాడు. మొదటి పాట అర నిమిషం కూడా ఆడలేదు, తీసేశాడు. కుర్రాడు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

రెండోది పెట్టాడు. నా ఒళ్ళో మిగిలిన ర్యాండ్ బిళ్ళలు బేస్ పడ్డప్పుడల్లా ఎగిరేవి. నాకు దెబ్బ పడుతుందనిపించినచోట పడేది కాదు, బిళ్ళలు కదిలేవి కావు. అనుకోనిచోట రెండు దెబ్బలు ఒకేసారి. కింద ఏదో బొంగురు గాలి లాంటి శబ్దం, పైన ఎవరిదో ఒక్క మాట మళ్ళీ మళ్ళీ. పాటంటే అంతే. వెనక సీట్లో నర్సు యూనిఫామ్‌లో ఉన్నావిడ ఈల వేసింది. డ్రైవర్ వాల్యూమ్ పెంచాడు. కుర్రాడు ఇంకా కిటికీ వైపే చూస్తున్నాడు గానీ మోకాలు ఊగుతోంది.

2010 తర్వాత ఈ సంగీతం పుట్టింది ఇలాగే. డర్బన్ శివారు బస్తీలు క్లెర్మాంట్, ఉమ్లాజీ, క్వామాషు కుర్రాళ్ళకి స్టూడియోలు లేవు. వాట్సాప్‌లో పంచుకున్నారు, టాక్సీల్లో వాయించి చూసుకున్నారు. క్లెర్మాంట్ కుర్రాడు డీజే లాగ్ 2019లో అమెరికా గాయని బియాన్సే ఆల్బమ్ దాకా పోయాడు. వ్యాన్‌లో ఎవరినడిగినా ముందు అదే చెప్పారు, సొంత ఇంటి పిల్లాడి గురించి చెప్పినట్టు. క్వామాషు కూడా వాళ్ళంతట వాళ్ళు కట్టుకున్న ఊరు కాదు. 1950ల చివర్లో తెల్లవాళ్ళ ప్రభుత్వం డర్బన్‌లోనే ఉన్న కేటో మేనర్ నుంచి నల్లవాళ్ళని ఖాళీ చేయించి ఇక్కడ పడేసింది. అక్కడే తోటలు పెట్టుకున్న మనవాళ్ళనీ ఉండనివ్వలేదు, చాలామంది భారతీయుల కోసం కట్టిన చాట్స్‌వర్త్‌కి పోవాల్సొచ్చింది. నాయుడు గారి కుటుంబం వాళ్ళలో ఒకటి. ఆ సంగతి ఆయన చెప్పింది నేను తిరిగొచ్చాకే.

మా చిన్నాన్న కొడుకు జమ్మికుంటలో డీజే నడుపుతాడు. ట్రాలీ మీద బాక్సులు, పెళ్ళి బారాత్‌లు, నిమజ్జనాలు. తీన్‌మార్ మీద రాత్రంతా కూర్చుని రీమిక్స్ కట్టి, మధ్యలో తన పేరు అరుస్తూ పెట్టుకుంటాడు. నాలుగేళ్ళ కింద దసరాకి అందరి ముందూ "ఈ మోత మానేసి ఏదన్నా పని చూసుకో తమ్మీ" అన్నాను. వాడు తిరిగి ఒక్కమాట అనలేదు, లేచి పోయి బాక్సుల వైర్లు చుట్టుకున్నాడు. వ్యాన్‌లో ఈ కుర్రాడు కిటికీ వైపు తిరిగినప్పుడు నాకు ఆ వైర్లు చుట్టే చేతులే కనిపించాయి.

క్వామాషులో బ్రిడ్జ్ సిటీ దగ్గర దిగేముందు ఆ రెండో పాట నా ఫోన్‌కి పంపమన్నాను. పంపాడు. హోటల్‌కొచ్చి తమ్ముడికి ఫార్వర్డ్ చేశాను. ఏం రాయాలో తెలియక ఏమీ రాయలేదు.

జమ్మికుంటలో అప్పటికి అర్ధరాత్రి దాటింది. పది నిమిషాల్లో వాయిస్ మెసేజ్ వచ్చింది.

"అన్నా, ఇదెవడు కొట్టిండు? కిక్ పడాల్సినకాడ ఖాళీ ఇడిసిండు సూడు, ఆడనే జనం కాలు పడ్తది. ఇంకో రెండుంటే పంపు."