ఉద్దానం దారులకు ఏటీ టైర్లు

టైరు గాడుల అడుగున ఉండే 1.6 మిల్లీమీటర్ల టీడబ్ల్యూఐ (అరుగుదల తెలిపే) గుర్తులు రబ్బరుతో సమానంగా తేలిపోవడంతో మా ఫోర్ వీల్ డ్రైవ్ పికప్‌కు కొత్త టైర్లు వేయించక తప్పలేదు. మందస వైపు కొండ కింది తోటల నుంచి జీడిపిక్కల బస్తాలు, కవిటి నుంచి కొబ్బరికాయలు పలాసకు తెచ్చే బండి ఇది. ఎర్రమట్టి, గెడ్డలోని గులకరాళ్లు, బారువ దగ్గర ఇసుక అన్నీ దీనికి తగులుతాయి గానీ, ఎక్కువ దూరం నడిచేది మాత్రం 16వ నంబరు జాతీయ రహదారి మీదే.

అందుకే ఎంటీ (మడ్ టెరైన్, అంటే బురద నేలల) టైర్ల జోలికి పోలేదు. చూడటానికి దర్జాగా ఉంటాయని కుర్రాళ్లు ముచ్చటపడే ఆ టైర్లకు రబ్బరు దిమ్మల మధ్య ఖాళీ ఎక్కువ. బురదను పట్టి విదిలించడానికి అది అక్కరకొచ్చినా, తారు రోడ్డు మీద హోరు పెడుతుంది, తుపాను వానల్లో బ్రేకు వేస్తే బండి మరికొంత ముందుకు పోయి ఆగుతుంది. ఏటీ (ఆల్ టెరైన్, అంటే అన్ని రకాల నేలల) టైరు బురద, తారు రోడ్డు అనే రెండు అవసరాలకూ మధ్యస్థంగా ఉంటుంది. అయితే ఆప్టెరా, జియోలాండర్ వంటి టైరు పేర్లతోనే రోడ్డుకు ఉద్దేశించిన హెచ్‌టీ (హైవే టెరైన్) రకాలూ వస్తాయి కనుక, పేరు పక్కనున్న అక్షరాలు చదివి తీరాలి.

నా దృష్టిలో గాడుల నమూనా కన్నా పక్కగోడ ముఖ్యం. జీడి కొమ్మలు నరికిన చోట మిగిలే మోళ్లు కత్తుల్లా ఉంటాయి. నేలను తాకే భాగంలో మేకు దిగితే పంచరు వేయించవచ్చు గానీ, పక్కగోడ తెగితే ఆ టైరు పారేయవలసిందే. బస్తాల బరువూ ఉంది కాబట్టి గట్టి పొరలున్న ఎల్‌టీ (లైట్ ట్రక్) రకం తీసుకున్నాను. అయితే ఆ గట్టిదనం వల్ల ఖాళీగా వెళ్లేటప్పుడు నడుము కదిలిపోతుంది, మైలేజీ కూడా కొంత తగ్గుతుంది.

కంపెనీ ఇచ్చిన 235/75 ఆర్15 సైజు బదులు 31×10.50 ఆర్15 సైజు వేయమని దుకాణదారు ఒత్తిడి చేశాడు. మొదటిదాని ఎత్తు సుమారు 733 మిల్లీమీటర్లు, రెండోదానిది 787. తేడాలో సగమే, అంటే 27 మిల్లీమీటర్లే బండి పైకి లేస్తుంది. ఆపాటి లాభానికి స్పీడోమీటరు 60 చూపినప్పుడు బండి 64 మీద పోవడం, స్టీరింగు పూర్తిగా తిప్పితే టైరు మడ్‌గార్డుకు రాసుకునే అవకాశం నాకు గిట్టుబాటుగా తోచలేదు.

ఇసుకలో ఏ టైరైనా గాలి తగ్గిస్తేనే పని చేస్తుంది. ఖాళీ బండికి 18 పీఎస్ఐ దాకా దించితే టైరు నేలమీద పొడవుగా పరుచుకుని దిగబడదు. అలా దించినప్పుడు వేగంగా మలుపు తిప్పితే టైరు రిమ్ము నుంచి ఊడిపోతుంది, మళ్లీ గాలి నింపకుండా హైవే ఎక్కితే వేడెక్కి చీలిపోతుంది. అందుకే చిన్న పంపు సీటు కిందే ఉంచాను.

బిల్లు కట్టే ముందు టైరు పక్కగోడ మీద డాట్ (DOT) అని మొదలయ్యే గుర్తు చివరి నాలుగంకెలు చూడాలి. 2324 అంటే 2024లో 23వ వారం తయారీ. ఫోర్ వీల్ వేసి నడిపేటప్పుడు ఒక చక్రం ఎత్తు తేడాగా ఉంటే గేర్ల మీద భారం పడుతుంది కనుక, స్టెప్నీకి కూడా అదే టైరు, అదే సైజులో తీసుకున్నాను.