ఫినాయిల్ రంగు పచ్చడి

పచ్చళ్లకి లేబుల్ నేను చేసిపెడతానని పిన్నికి గొప్పగా మాటిచ్చేశా. బెంగళూరు మారతహళ్లిలో ఇంట్లోంచే అమ్ముతుంది తను. కలర్ సైకాలజీ అని ఎక్కడెక్కడో చదివిందంతా గుర్తుచేసుకుని నీలం వేశా. నీలమంటే నమ్మకమట, చాలా బ్యాంకులదీ అదే రంగు.

పిన్ని ఒక్క చూపు చూసి, "ఇదేంట్రా, ఫినాయిల్ డబ్బాలా ఉంది" అంది.

నిజమే. తినే వాటిలో నీలం ఎన్ని ఉన్నాయి గనక? అన్నం మీద ఆ ఛాయ కనిపిస్తే బూజనుకుని పారేస్తాం. అన్నట్టు ఫేస్‌బుక్ నీలం వెనక పెద్ద సైకాలజీ ఏమీ లేదు. జుకర్‌బర్గ్‌కి ఎరుపు, ఆకుపచ్చ తేడా సరిగా తెలీదు, నీలం బాగా కనిపిస్తుంది, అంతే!

సరే, ఆకుపచ్చ వేశా. ప్రింటింగ్ షాపాయన నవ్వాడు. శాకాహారమని చూపించే పచ్చ చుక్క అందులో కలిసిపోయింది. అది విడిగా కనిపించే రంగు మీదే ఉండాలని రూలు. ఎరుపు, పసుపు కలిపితేనో? బెంగళూరులో అది కన్నడ జెండా. నవంబర్‌లో వీధివీధినా అవే తోరణాలు, మన సీసా ఎవడి కంట పడుతుంది!

చివరికి పిన్నే తేల్చింది. "లేబుల్ సన్నగా వెయ్యి, లోపలున్న ఆవకాయ కనపడనీ." మీగడ రంగు పట్టీ, దాని మీద మెరూన్ అక్షరాలు. పట్టీ కింద నూనెలో తేలే ఎర్రటి ముక్కలు.

గోంగూర సీసా మాత్రం ఇంకా నల్లగా, దిగులుగా కనిపిస్తోంది. దాని సంగతి చూడమని పొద్దున్నే మళ్లీ ఫోన్.