పాత ఎంజీబీలో తెగిన వాక్యూమ్ పైపు

యాక్సిలరేటర్‌ను కొద్దిగా మాత్రమే నొక్కి నెల్లూరు నుంచి కావలి వైపు హైవే మీద నిలకడగా వెళుతుంటే మా 1967 నాటి ఎంజీబీ (బ్రిటిష్ స్పోర్ట్స్ కారు) బరువు లాగుతున్నట్టు సాగేది, టెంపరేచర్ ముల్లు పైకి జరిగేది, పెట్రోలు ఎక్కువ తాగేది. అదే కారు, లారీని దాటడానికి కాలు పూర్తిగా నొక్కితే ఏ లోపమూ లేనట్టు పరుగెత్తేది. ఇటువంటి లక్షణం కనిపించినప్పుడు కార్బురేటర్ జోలికి పోకముందే ప్లగ్గులకు వంతులవారీగా స్పార్కు అందించే డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే వాక్యూమ్ పైపును చూడాలని నా గట్టి అభిప్రాయం.

తక్కువ లోడులో సిలిండర్లలోని మిశ్రమం నెమ్మదిగా మండుతుంది కనుక ప్లగ్గులో స్పార్కు కాస్త ముందుగా పడాలి. కార్బురేటర్ దగ్గర పుట్టే వాక్యూమ్, పైపు ద్వారా డిస్ట్రిబ్యూటర్ పక్కనున్న చిన్న డబ్బాలోని పలుచటి పొర అయిన డయాఫ్రమ్‌ను లాగితే, దానికి తగిలించిన కడ్డీ, స్పార్కు పుట్టించే పాయింట్లు బిగించిన ప్లేటును తిప్పి ఆ పని చేస్తుంది. కాలు పూర్తిగా నొక్కినప్పుడు వాక్యూమ్ ఎలాగూ పడిపోతుంది కాబట్టి, పైపు తెగినా అప్పుడు తేడా తెలియదు. మా కారులో పైపు మొదలయ్యే రంధ్రానికి థ్రాటిల్ (యాక్సిలరేటర్‌తో తెరుచుకునే గాలి మూత) మూసి ఉన్నప్పుడు వాక్యూమ్ అందదు, అందువల్ల బండిని నిలబెట్టి స్లోలో పరీక్షించినా ఏమీ దొరకదు.

అంతకు ముందు ఒక షెడ్డులో ఈ లోపాన్ని కప్పిపుచ్చడానికి టైమింగ్‌నే, అంటే స్పార్కు పడే సమయాన్నే, ముందుకు జరిపారు. డబ్బా చివర ‘ఏ’ (అడ్వాన్స్, ముందుకు), ‘ఆర్’ (రిటార్డ్, వెనక్కి) అని గుర్తులున్న గరుకు మరను ‘ఏ’ గుర్తు వైపుకు బాగా తిప్పేశారు. అలా చేస్తే నిలకడ వేగంలో కొంత హాయిగా అనిపించినా, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ టకటకమని కొడుతుంది (నాకింగ్). పిస్టన్లకు అంతకన్నా కీడు మరొకటి లేదు.

చివరకు నెల్లూరు ఆటోనగర్‌లో అంబాసిడర్లు చేసి చేసి చేయి తిరిగిన ఒక పెద్దాయన బానెట్ ఎత్తగానే, "ఇది మన అంబాసిడర్ ఇంజనే గదా సార్" అన్నారు. ఆయన మాట నిజమే. ఎంజీబీలో 1798 సీసీ, అంబాసిడర్‌లో 1489 సీసీ అయినా రెండూ బీఎంసీ (బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్) వారి బీ సిరీస్ కుటుంబానివే. అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయినా, ఆ చేతుల్లోని పనితనం మన జిల్లాలో ఇంకా మిగిలి ఉండటం నాకు చాలా సంతోషం కలిగించింది.

ఆయన మెడికల్ షాపు నుంచి పెద్ద సిరంజి తెప్పించి, డిస్ట్రిబ్యూటర్ మూత తీసి, డబ్బా ముక్కుకు చిన్న ట్యూబుతో తగిలించి లాగారు. ప్లేటు సన్నగా కదిలి అక్కడే నిలిచింది, అంటే డయాఫ్రమ్ బాగుంది. సిరంజిని పైపు కార్బురేటర్ చివరకు మార్చి లాగితే మాత్రం ప్లేటు కదలలేదు. పైపును విప్పి చూస్తే, క్లిప్పు కింద ఉప్పుగాలికి తుప్పుపట్టిన చోట సన్నటి చీలిక ఉంది, చివరి రబ్బరు తొడుగు ఎండకు పెళుసెక్కి గోటితో నొక్కితే పొడిగా రాలింది.

ఇక్కడ చాలామంది సెలైన్ పైపు ముక్కతో సరిపెడతారు, దయచేసి అలా చేయవద్దు. ఇంజన్ వేడికి అది మెత్తబడి లోపలి లాగుడుకు నొక్కుకుపోతుంది. సిలికాన్ ట్యూబు వేడికి తట్టుకుంటుంది గాని పెట్రోలు ఆవిరికి తగినది కాదు. మేము పాత పైపు వంపులను చూసి అదే కొలతకు కొత్త లోహపు పైపును వంచి, రెండు చివర్లా మందపాటి గోడ ఉన్న, పెట్రోలుకు తట్టుకునే రబ్బరు ముక్కలు తొడిగాము. పైపు ఎగ్జాస్ట్‌కు దూరంగా ఉండేలా, రాపిడి తగలకుండా క్లిప్పులు బిగించాము. తర్వాత గరుకు మరను మధ్యకు తెచ్చి, పైపును డిస్ట్రిబ్యూటర్ నుంచి తీసి చివర మూసి, స్పార్కు పడిన ప్రతిసారీ మెరిసే స్ట్రోబ్ లైటుతో టైమింగ్ పెట్టుకున్నాము. పైపు మళ్లీ తగిలించి థ్రాటిల్‌ను కాస్త తెరవగానే పుల్లీ మీది గుర్తు ముందుకు జరగడం లైటు వెలుగులో స్పష్టంగా కనిపించింది.

బ్రేకు సర్వో (వాక్యూమ్ సాయంతో పెడల్ బలాన్ని పెంచే పరికరం) ఉన్న బండి అయితే దానికి వెళ్లే లావు గొట్టాన్నీ, అందులోని వన్‌వే వాల్వునూ అదే రోజు చూడాలి, ఎందుకంటే అది చీలితే బ్రేకు పెడల్ రాయిలా గట్టిపడుతుంది. దాన్ని మార్చేదాకా బండిని షెడ్డు దాటించకూడదు.