సైనికుల మధ్య ధ్వజం ఒకటా, రెండా: రోమన్ కంచు నాణేల పని ఎంతవరకొచ్చిందంటే

శుభ్రం చేయని రోమన్ నాణేల లాట్‌లో సగానికి పైగా మట్టి వదిలింది. దాదాపు అన్నీ 4వ శతాబ్దానివే.

పద్ధతి మామూలుదే. డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టడం, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చడం, మట్టి మెత్తబడ్డాక వెదురు టూత్‌పిక్‌తో మెల్లగా గీకడం. "రాగి చెంబు తోమినట్టు చింతపండు పెట్టి తోమరాదూ" అని అమ్మ ఫోన్‌లో సలహా ఇచ్చింది. ఆ పులుపు మట్టితో పాటు పాటినానీ (కాలక్రమంలో లోహం మీద ఏర్పడ్డ పొర) తినేస్తుంది. చాలా నాణేలకు బొమ్మ వివరాలు నిలిచి ఉండేది ఆ ఆకుపచ్చ, గోధుమ రంగు పొరలోనే. అది పోతే గుంటలు పడ్డ లోహం మిగులుతుంది.

అక్షరాలు అరిగిపోయినా బొమ్మను బట్టి కాలం చెప్పొచ్చు. నా లాట్‌లో ఎక్కువగా ఉన్నది బల్లేలు, డాళ్లు పట్టుకుని ఎదురెదురుగా నిలబడ్డ ఇద్దరు సైనికులు. చుట్టూ 'గ్లోరియా ఎగ్జెర్కిటస్', అంటే సైన్యపు కీర్తి. వాళ్ల మధ్య రెండు ధ్వజాలుంటే 330-335 మధ్యది. ఒక్కటే ఉంటే 335 తర్వాతది. అప్పుడు నాణెం బరువు తగ్గించి డిజైన్ కూడా మార్చారు. డిజిటల్ తూకం మీద పెడితే తేడా తెలిసిపోతుంది: మొదటి రకం సుమారు రెండున్నర గ్రాములు, రెండోది ఒకటిన్నర చుట్టుపక్కల. ధ్వజాలు కనబడనంత అరిగినవాటిని బరువుతోనే విడదీస్తున్నాను. అరుగుదల వల్ల కొన్ని అటూ ఇటూ కాకుండా ఉండిపోయాయి.

నాకు బాగా నచ్చింది తోడేలు నాణెం. వెనక వైపు రోములస్, రేమస్‌లకు పాలిస్తున్న ఆడతోడేలు, పైన రెండు నక్షత్రాలు. ముందు వైపు చక్రవర్తి లేడు, శిరస్త్రాణం పెట్టుకున్న రోమా దేవత ఉంది. దీనికి జంట కాన్‌స్టాంటినోపుల్ నాణెం: ఓడ ముక్కు మీద కాలు పెట్టిన రెక్కల విజయదేవత. 330లో కొత్త రాజధానిని ప్రారంభించినప్పుడు ఈ రెండూ మొదలయ్యాయి. పాత రాజధాని రోమ్ వాళ్లు చిన్నబుచ్చుకోకుండా కాన్‌స్టాంటైన్ చక్రవర్తి తోడేలును కూడా వేయించాడేమో అని నాకనిపిస్తుంది. నా తోడేలు కాళ్ల కింద, గీత దిగువన, టంకశాల గుర్తు 'టీఆర్ఎస్' అని ఉంది! మన తెలంగాణ పార్టీ పాత పేరు కాదు లెండి, ట్రియర్ (ఇప్పటి జర్మనీలో ఉంది) టంకశాల, రెండో వర్క్‌షాప్.

ఒకదానికి మాత్రం బ్రాంజ్ డిసీజ్ పట్టింది. లేత ఆకుపచ్చ పొడి, ముట్టుకుంటే రాలుతోంది. లోహంలోని క్లోరైడ్లకు తేమ తగిలితే వచ్చే తెగులు ఇది. దాన్ని విడిగా, ఆ క్లోరైడ్లను బయటికి లాగే సోడియం సెస్క్వికార్బొనేట్ ద్రావణంలో వేశాను. మిగతావి ఆరాక, తేమ పీల్చే సిలికా జెల్‌తో డబ్బాలో పెట్టాను. పీవీసీ కవర్ల జోలికి వెళ్లొద్దు, వాటి నుంచి వచ్చే రసాయనం కంచును పాడుచేస్తుంది.

ఇక మిగిలింది 348లో మొదలైన 'ఫెల్ టెంప్ రెపరాషియో' (మంచి రోజులు మళ్లీ వచ్చాయి అని అర్థం) అక్షరాలున్న నాణేల గుంపు. గుర్రం మీంచి పడుతున్న శత్రువు, బల్లెంతో పొడుస్తున్న సైనికుడు. ఆ పడేవాడు వెనక్కి చెయ్యి చాస్తున్నాడా, గుర్రం మెడ పట్టుకున్నాడా చూసి వేరు చేయాలి. పక్కనుంచి లైట్ వేసి ఫొటోలు తీయడం దాని తర్వాతే.