మా స్విఫ్ట్ డీజిల్‌కి హైబ్రిడ్ టర్బో: 1,12,340 నుంచి 1,19,600 కి.మీ. దాకా

1,12,340 కి.మీ. ఇంకా ఏమీ విప్పలేదు

మా నాయన 2017లో కొన్న స్విఫ్ట్ డీజిల్ ఇది. 1248 సీసీ, 75 పీఎస్ పవర్, 190 ఎన్ఎం టార్క్ (లాగే బలం). ఈ ఫియాట్ మల్టీజెట్ ఇంజనే పుంటోలో, లీనియాలో, విస్టాలో కూడా ఉండేది. అందుకే అందరూ దీన్ని నేషనల్ ఇంజన్ అంటారు. మారుతి 2020లో డీజిల్ బండ్లు ఆపేసింది కాబట్టి ఈ బండిని ఇంకో పదేళ్ళు నడపాలని నా కోరిక.

నా బాధంతా 2,000 ఆర్పీఎం కిందే. దామలచెరువు దగ్గర మాకు మామిడితోట ఉంది. కాయల కాలం వస్తే పాకాల రోడ్డు నిండా తోతాపురి ట్రాక్టర్లే. లోపల నలుగురం, డిక్కీలో నాలుగు క్రేట్లు. ఎదురుగా రోడ్డు ఖాళీగా ఉందని రెండో గేరులో తొక్కితే బండి పలకదు. టర్బో (ఇంజన్ పొగ తోపుతో తిరిగి లోపలికి ఎక్కువ గాలి నెట్టే పంపు) అందుకునేసరికి ఎదురు బండి వచ్చేస్తుంది. నాకు కావలసింది టాప్ స్పీడు కాదు, ఆ రెండో గేరులో పికప్.

1,12,410. సబ్బునీళ్ళ పరీక్ష

తిరుపతి ఆటోనగర్‌లో మా బండి ఎప్పుడూ చూసే మేస్త్రీ దగ్గరికి పోయి టర్బో మార్చాలన్నాను. ఆయన బానెట్ కూడా ఎత్తకుండా, "ముందు ఉండే గాలి యాడికి పోతా ఉండాదో చూద్దాం సామీ" అన్నాడు. ఆ మాట వినడమే మంచిదైంది.

టర్బో గాలి పీల్చే వైపు రబ్బరు పైపు ఊడదీసి, దానికి సరిపడే పీవీసీ ఎండ్ క్యాప్‌లో ట్యూబ్‌లెస్ టైరు వాల్వు బిగించాం. కంప్రెసర్‌తో మెల్లగా 1 బార్ దాకా గాలి ఎక్కించి, పైపుల మీద సబ్బునీళ్ళు చల్లాం. ఇంటర్‌కూలర్‌కి (టర్బో నుంచి వేడిగా వచ్చే గాలిని చల్లార్చే రేడియేటర్) పోయే హోస్ అడుగు మడతలో బుడగలు లేచాయి. తుడిచి చూస్తే వేలిగోరంత చీలిక. దాని చుట్టూ ఆయిల్ జిడ్డు, జిడ్డు మీద పేరుకున్న ఎర్రమట్టి. ఇంజన్ ఆగి ఉంటే చీలిక మూసుకునే ఉంటుంది, లోపల ఒత్తిడి పెరిగితేనే తెరుచుకుంటుంది. అందుకే ఇన్నేళ్ళూ ఎవరి కంటా పడలేదు.

హోస్ మార్చాక నాలుగో గేరులో గంటకి 60 నుంచి 100 కి.మీ. వేగానికి 10.3 సెకన్లు పట్టేది 9.4కి దిగింది. రోడ్డు మీద కొలతలన్నీ నేను ఈ 60–100 మధ్యే తీస్తాను. డివైడర్ ఉన్న నాలుగు వరసల హైవేల మీద కార్లకి పరిమితి 100, అది దాటి కొలవాల్సిన పని లేదు. చిత్తూరు హైవేలో ఒకే చోట, రెండు దిక్కులా, మూడేసి సార్లు తీసి సగటు వేసుకుంటాను.

అదే రోజు కంప్రెషన్ కూడా చూశాం. నాలుగు సిలిండర్లకీ మధ్య తేడా 1.5 బార్ లోపే. ఇంజెక్టర్ల రిటర్న్ పైపులకి నాలుగు చిన్న సీసాలు కట్టి ఐడిలింగ్‌లో వదిలితే మూడోది మిగతావాటికన్నా ఎక్కువ డీజిల్ వెనక్కి పంపుతోంది. దాన్ని విప్పి రిపేరుకి పంపాం. ఇంజన్ ఆరోగ్యం చూడకుండా టర్బో జోలికి పోవద్దని గట్టిగా చెబుతాను.

1,12,900. టర్బో బయటికి

కంపెనీ టర్బో బోర్గ్‌వార్నర్ కేపీ35. దీనిలో పొగని మళ్ళించే కదిలే రెక్కలు (వేన్లు) లేవు, అంతా వేస్ట్‌గేట్ (ఒత్తిడి ఎక్కువైతే పొగని పక్కకి వదిలే తలుపు) మీదే ఆధారం. షాఫ్ట్‌ని వేళ్ళతో పట్టి చూశాను. పక్కకి కొంచెం ఆడటం మామూలే, బేరింగులో ఆయిల్ పొర కోసం ఆ సందు ఉండాలి. ముందుకూ వెనక్కూ మాత్రం ఆట తగలకూడదు. నా దాంట్లో టక్కుమని తగిలింది. కంప్రెసర్ చక్రం అంచున, కవరుకి రాసుకున్న చోట, వెంట్రుక మందాన మెరిసే గీత కనిపించింది. ఇంకొన్నాళ్ళు ఊరుకుని ఉంటే ఆ అల్యూమినియం ముక్కలు ఇంటర్‌కూలర్‌లో దేవుకోవాల్సి వచ్చేది.

ఎలాగూ టర్బోకి ఖర్చు తప్పదు. ఎస్ఎక్స్4, ఎర్టిగా, సియాజ్‌లలో ఇదే ఇంజన్ 90 పీఎస్, 200 ఎన్ఎం ఇచ్చేది, దానికి వేన్లు కదిలే టర్బో. కింద ఆర్పీఎంలో నిజంగా లాగేది అదే. కానీ దాన్ని పెట్టాలంటే వేన్లని నడిపే ఈసీయూ (ఇంజన్ కంప్యూటర్), వైరింగు, వాక్యూమ్ పైపులు అన్నీ మార్చాలి. ఆ దారి మానుకున్నాను. నా పాత హౌసింగ్‌నే కోయంబత్తూరుకి పంపి హైబ్రిడ్ (పాత, కొత్త భాగాలు కలిపిన టర్బో) చేయించాను. టర్బైన్ కవరు పాతదే, కంప్రెసర్ చక్రం కొంచెం పెద్దది, కవరు లోపల లేత్ మీద కోత, బేరింగులు కొత్తవి. ఇంకా పెద్ద సైజు కూడా చూపించారు. అది పెడితే పైన బాగా లాగుతుంది, కింద ఇప్పటికన్నా మొద్దుబారుతుంది. నాకు అది పనికిరాదు.

హై స్పీడ్ బ్యాలెన్స్ రిపోర్టు అడిగి తీసుకోండి. ఇంత చిన్న టర్బో నిమిషానికి 2 లక్షల చుట్లు పైనే తిరుగుతుంది. బ్యాలెన్స్ తప్పితే బేరింగులు నెల కూడా ఉండవు.

1,12,915. బిగింపు, నా తప్పు

ఆయిల్ వచ్చే పైపు కొత్తది వేశాను. పాత పైపు లోపల కాలిన ఆయిల్ నల్లటి పొరలా అంటుకుని, దారి సగానికి సగం మూసుకుపోయి ఉంది. టర్బోని అంత పాడు చేసింది అదేనని నా నమ్మకం. రాగి వాచర్లు కొత్తవి, ఆయిల్ కొత్తది, ఫిల్టర్ కొత్తది. టర్బోలోకి సిరంజితో ఆయిల్ పోసి, చక్రాన్ని చేత్తో తిప్పి, ఇంజెక్టర్ల కనెక్టర్లు ఊడదీసి, డాష్‌బోర్డులో ఆయిల్ లైటు ఆరే దాకా స్టార్టర్‌తో తిప్పాను. ఆ తరవాతే డీజిల్ ఇచ్చి స్టార్ట్ చేశాం.

అయిదు నిమిషాలకి సైలెన్సర్ నుంచి నీలం పొగ. కొత్త టర్బో పోయిందనుకుని నా కాళ్ళూ చేతులూ ఆడలేదు. మేస్త్రీ మాత్రం కింద పడుకుని, ఆయిల్ తిరిగి సంపులోకి (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) దిగే పైపు విప్పమన్నాడు. ఆ జాయింటు బిగించింది నేనే. ప్యాకింగ్‌తో ఆగకుండా రెండు వైపులా సిలికాన్ పేస్టు పూశాను. బిగించేటప్పుడు అది లోపలికి పిండుకుని, పురుగులా వంకరగా వేలాడుతూ రంధ్రాన్ని మూసేసింది. దిగే ఆయిల్‌కి ప్రెషర్ ఉండదు, దాని బరువుకి అదే జారాలి. దారి లేకపోతే టర్బో లోపలే నిండి సీలు దాటి పొగవుతుంది. పేస్టంతా గీకేసి ఒక్క ప్యాకింగ్‌తో బిగించాను. పైపుల్లో మిగిలిన ఆయిల్ కాలిపోయే దాకా ఇరవై నిమిషాలు పొగ వచ్చి ఆగింది. ఆ జాయింటుకి పేస్టు పూయకండి.

1,13,600. మొదటి ట్యూన్

ఈసీయూలోని డీజిల్ లెక్కల ఫైల్ మార్చే ట్యూనర్ బెంగళూరు నుంచి వేరే పని మీద తిరుపతి వచ్చినప్పుడు ఫైల్ ఎక్కించాడు. ముందుగా ఈసీయూలోని ఒరిజినల్ ఫైల్ చదివి నాకు పెన్‌డ్రైవ్‌లో ఇచ్చాడు. అది ఇవ్వనివాళ్ళ దగ్గర చేయించుకోవద్దు. రైల్ ప్రెషర్ (ఇంజెక్టర్లకి పోయే డీజిల్ ఒత్తిడి) సెన్సర్‌ని మోసం చేసే చిన్న బాక్సులు కూడా వద్దు. అవి డీజిల్ పెంచుతాయే గానీ గాలి ఎంత ఉందో చూడవు.

నా బండిలో వేస్ట్‌గేట్‌ని నడిపేది బూస్ట్ (టర్బో నెట్టే గాలి ఒత్తిడి) గాలే. రాడ్ మీది నట్టుని అర చుట్టు చొప్పున బిగిస్తూ, ప్రతిసారీ ఓబీడీలో (బండి డయాగ్నోస్టిక్ పోర్టు) లాగ్ (అంకెల రికార్డు) తీస్తూ, 1.2 బార్ ఉన్నదాన్ని 1.45కి తెచ్చాం. లెక్క ప్రకారం ఫైల్ 105 పీఎస్, 245 ఎన్ఎం. డైనో (పవర్ కొలిచే యంత్రం) మీద కొలిచింది కాదు కాబట్టి ఆ అంకెల్ని నేను పట్టుకు వేలాడను. నేను కొలిచింది 60–100. డిసెంబర్ రాత్రి, బయట 20 డిగ్రీలు, 6.9 సెకన్లు. ఆ రాత్రి చంద్రగిరి దాకా పోయి వచ్చాను, ఇంటికి రాబుద్ధి కాలేదు.

వారం తిరక్కుండానే భాకరాపేట ఘాట్‌లో నాలుగో గేరులో తొక్కితే ఆర్పీఎం ఎగిరింది, స్పీడు పెరగలేదు. క్లచ్ జారుతోంది. పాత ప్లేట్లు 1,13,000 తిరిగినవి, వాటి తప్పేమీ లేదు. ఆర్గానిక్ ప్లేటే ఉంచి ప్రెషర్ ప్లేట్ గట్టిది వేయించాను. సిరామిక్ వేస్తే తిరుచానూరు రోడ్డు ట్రాఫిక్‌లో మా నాయన మోకాలు పట్టేస్తుంది.

1,16,200. ఏప్రిల్

ఈ బండితో నేను నేర్చుకున్నదంతా ఈ ఒక్క మధ్యాహ్నమే.

ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌లో, టర్బోకి ముందు, రంధ్రం వేసి కె-టైప్ థర్మోకపుల్ (పొగ వేడి కొలిచే సెన్సర్) పెట్టించాను. మానిఫోల్డ్ విప్పి వేశాం. బిగించి ఉండగా డ్రిల్ చేస్తే ఇనుప రజను నేరుగా టర్బైన్‌లోకి పోతుంది. డీజిల్‌కి ఎడతెగని లోడు మీద 750 డిగ్రీలు దాటకూడదని నేను పెట్టుకున్న గీత.

చిత్తూరు నుంచి పలమనేరు పోతున్నాం. బయట 41 డిగ్రీలు, ఏసీ ఆన్, నలుగురం. మొగిలి ఘాట్‌లో లారీల వెనక నుంచి తప్పించుకుని మూడో గేరులో ఆపకుండా లాగించాను. మీటరు 640, 700, 745. ముందు ఇంకో లారీ ఉంది, కాలు తీయలేదు. 790. అప్పుడు తీశాను. అద్దంలో చూస్తే వెనక నల్లటి పొగ. డిసెంబర్‌లో ఇదే ఫైల్, ఇదే బూస్ట్, పొగ జాడే లేదు.

ఇంటికొచ్చి లాగులు పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఇంటర్‌కూలర్ దాటిన గాలి డిసెంబర్‌లో 46 డిగ్రీలు, మొగిలిలో 81. ఒత్తిడి 1.45 బారే, కానీ వేడెక్కిన గాలిలో ఆక్సిజన్ తక్కువ. ఒరిజినల్ ఫైల్‌లో గాలి తగ్గితే డీజిల్‌ని కోసే స్మోక్ లిమిటర్ ఉంటుంది. పికప్ కోసం ట్యూనర్ దాన్ని వదులు చేశాడు. చల్లటి రాత్రి గాలి దండిగా ఉంది కాబట్టి తేడా కనపడలేదు. ఎండలో డీజిల్ తగ్గలేదు, గాలి తగ్గింది. ఆ మిగులు డీజిలే పొగ, ఆ వేడే టర్బైన్‌కి దెబ్బ. మన జిల్లాలో ఏడాదిలో మూడు నెలలు ఇదే ఎండ. డిసెంబర్‌కి చేసిన ట్యూన్ మనకి ట్యూనే కాదు.

రెండు పనులు చేశాను. ఇంటర్‌కూలర్ పెద్దది వేయించాను. దాని కోసం బంపర్ లోపల ప్లాస్టిక్ కొంత కోయాల్సి వచ్చింది. ముఖ్యంగా, గాలి పక్కలనుంచి తప్పించుకోకుండా చుట్టూ ఫోమ్ అంటించాను, ఈ 150 రూపాయల పని లేకపోతే కొత్త ఇంటర్‌కూలర్ సగమే పనిచేస్తుంది. ఆ తరవాత ట్యూనర్‌కి లాగులు పంపి, స్మోక్ లిమిటర్ దాదాపు పాత స్థాయికి తెమ్మని, టార్క్ 225కి దించమని అడిగాను. "పికప్ పోతుంది బ్రో" అన్నాడు. పోతే పోనీ అన్నాను.

మళ్ళీ మొగిలి, మే నెల, 40 డిగ్రీలు, అదే నలుగురం. ఇంటర్‌కూలర్ తరవాత గాలి 58. ఎగ్జాస్ట్ 705 దగ్గర నిలబడిపోయింది. 60–100 ఎండలో 7.4. డిసెంబర్ రాత్రి 6.9 కన్నా నాకు ఈ 7.4 విలువైనది, ఏ నెలలోనైనా ఇదే వస్తుంది కాబట్టి.

1,17,800. అమ్మతో కొండకి

తిరుమల ఘాట్‌లో స్పీడు మాటే లేదు. పైకి 28 నిమిషాలకన్నా ముందు చేరితే జరిమానా, మేం 35 నిమిషాలు తీసుకున్నాం. ఇక్కడ నాకు కావలసింది మెలికల దగ్గర రెండో గేరులో 1,500 ఆర్పీఎం నుంచి ఎలా లేస్తుందన్నదే. మొదటి గేరు ఒక్కసారి కూడా వేయలేదు. ఎగ్జాస్ట్ గరిష్ఠంగా 590, కూలెంట్ 95. పైన బండి ఆపేముందు ఒక నిమిషం ఐడిలింగ్‌లో ఉంచాను. "ఇంకా ఆపవేందిరా" అని అమ్మ అడిగింది, టర్బోలో ఆయిల్ ఉడికిపోకుండా అని చెప్పాను.

1,19,600. ఇప్పటికి

ఖర్చు: టర్బో 32,000, ట్యూన్ 22,000, ఇంటర్‌కూలర్ బిగింపుతో 14,500, క్లచ్ 12,000, థర్మోకపుల్ మీటరు 4,800, హోసులు, ప్యాకింగులు, ఆయిల్ 3,900. మొత్తం 89,200. మైలేజీ హైవేలో 21 నుంచి 20.5కి వచ్చింది.

పొల్యూషన్ పరీక్షలో బీఎస్4 డీజిల్‌కి పొగ సాంద్రత పరిమితి 1.62, మాకు 0.88 వచ్చింది. క్యాటలిటిక్ కన్వర్టర్, ఈజీఆర్ (పొగలో కొంత ఇంజన్‌లోకి తిరిగి పంపే వాల్వు) రెండూ ఉన్నచోటే ఉన్నాయి. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతుంది. ఇది చదివి చేయించుకోవాలనుకునేవాళ్ళు ఆ సెక్షన్ ముందు చదవండి. ఇన్సూరెన్స్ వాళ్ళకి నేను రాతపూర్వకంగా తెలిపాను. దాచిపెట్టి, రేపు ఏదైనా జరిగితే ఇంట్లోవాళ్ళని ఇరుకున పెట్టడం నాకు ఇష్టం లేదు.

ఆయిల్ 10,000కి కాకుండా 7,000కే మారుస్తున్నాను. మొన్న దామలచెరువు నుంచి వస్తుంటే నాయన నడిపాడు. ముందు కాయల ట్రాక్టరు, రోడ్డు ఖాళీ కాగానే రెండో గేరులోనే దాటేశాడు. క్లచ్ కొంచెం గట్టిగా ఉందన్నాడు, వచ్చే వారం పెడల్ ఫ్రీ ప్లే సరిచూడాలి. 1,20,000 దగ్గర ఇన్‌టేక్ పైపు విప్పి షాఫ్ట్ ఆట మళ్ళీ చూస్తాను.